గాయంపై పసరు కట్టు: వుజూ మసలా, దానికి ముందు మరో మాట

గత నెల మాకు అందిన ఉత్తరాలలో ఒక సోదరి వ్రాసినది ఉంది. ఆమె భర్తకు కుడి పాదం బొటనవేలి కింద పుండు పడింది. అత్తగారు రోజూ గడ్డిచామంతి ఆకు నూరి, కొంచెం పసుపు కలిపి, పాతగుడ్డతో కట్టు కడుతున్నారు. కట్టు విప్పితే పసరు పోతుంది, విప్పకపోతే పాదం కడగడం కుదరదు, అటువంటప్పుడు వుజూ ఎలా చేయాలి, ఇంతవరకు చేసిన నమాజులు చెల్లుతాయా అని ఆమె అడిగారు. ఉత్తరం చివర, మాటవరుసకు అన్నట్లు, మరి మూడు సంగతులు చేర్చారు. పుండు పడి మూడు వారాలయింది. ఆయనకు తొమ్మిదేళ్ళుగా షుగరు ఉంది. నొప్పి మాత్రం లేదు, అందుచేత పనికి వెళుతూనే ఉన్నారు.

ముందు ఆమె అడిగినదానికి జవాబు చెబుతాము. పుండుకు నీరు తగలడం హాని కాకపోతే, కట్టు విప్పడంలో ఇబ్బంది లేకపోతే, విప్పి కడగాలి. నీరు హాని చేస్తుందనుకుంటే తడిచేతితో పుండుపై మసహ్ చేయాలి. అదీ హాని అయితే కట్టుపై మసహ్ చేస్తే చాలు. కట్టులో ఎక్కువ భాగం తడిచేతితో తుడవాలి. పాదంలో మిగిలిన భాగాన్ని కడగాలి. కట్టు కట్టేటప్పుడు వుజూతో ఉండాలన్న షరతు లేదు. పుండు మానకముందే కట్టు జారిపోతే చేసిన మసహ్ చెల్లుతుంది, మానిన తరువాత జారితే ఆ చోటు కడగాలి. పుండుపై ఎండి పొరకట్టిన పసరుకు కూడా కట్టుకు ఉన్న హుకుమే వర్తిస్తుంది. రక్తమో చీమో పుండు దాటి కారితే వుజూ భంగమవుతుంది. ఒక నమాజు వేళంతా, వుజూ చేసి ఫర్జ్ నెరవేర్చుకునేంత వ్యవధి కూడా ఇవ్వకుండా కారుతూనే ఉంటే ఆయన మాజూర్. ఒక్కొక్క వేళకు ఒక్కొక్క వుజూ చేసుకుంటే సరిపోతుంది. ఇది హనఫీ ఫిఖహ్ ప్రకారం చెప్పిన మాట. షాఫియీ సోదరులకు ఇందులో కొన్ని భేదాలున్నాయి కాబట్టి వారు తమ ఉలమాను అడగాలి. ఆ సోదరి భర్త ఈ పద్ధతిలో చేసిన నమాజుల గురించి దిగులు పడనవసరం లేదు.

కాని ఈ ఉత్తరం చదివినప్పుడు మా దృష్టి మసలాపై నిలువలేదు. షుగరు, మూడు వారాలు, నొప్పి లేదు అన్న ఆ మూడు మాటలపైనే నిలిచింది. అందుకు కారణం ఉంది. చెప్పుకోవడానికి మనసు ఒప్పకపోయినా చెప్పక తప్పదు.

కొన్నేళ్ళ క్రితం మా మదరసా వంటశాలలో పనిచేసే ఒక పెద్దాయన అసర్ నమాజు తరువాత మా దగ్గరకు వచ్చారు. "హజ్రత్, కొత్త చెప్పు కరిచింది. చిటికెన వేలి దగ్గర తోలు లేచింది. ఏం పెట్టుకోను?" అని అడిగారు. మేము ఆ పాదాన్ని వంగి చూడనైనా లేదు. "గోరింటాకు పెట్టుకోండి చాచా, సున్నత్ కూడా" అన్నాము. ఆయన సంతోషంగా మా ప్రాంగణంలోని చెట్టు ఆకే కోసి, నూరి, రోజూ కట్టుకున్నారు. ఆయనకు షుగరు ఉన్నదని మాకు తెలుసు. పన్నెండో రోజున వంటశాలలో ఏదో వాసన వస్తున్నదని విద్యార్థులు చెప్పారు. ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి చిటికెన వేలూ, దాని పక్క వేలూ తీసివేయవలసి వచ్చింది. డాక్టరు గోరింటాకును నిందించలేదు. పన్నెండు రోజుల ఆలస్యాన్ని నిందించారు. మరొక మాట కూడా అన్నారు: గోరింటాకు పండిన చర్మం ఎర్రబడిందో, నల్లబడిందో ఎవరు గుర్తుపట్టగలరు? పసుపు కూడా అంతే. పుండు చుట్టూ వాపు, కమిలిన రంగు చూసి వైద్యుడు తెలుసుకోవలసిన సంగతిని ఆ రంగు కప్పివేస్తుంది.

మేము ఆనాడు చెప్పిన హదీసు అసత్యం కాదు. దైవప్రవక్త (స) ఇంట సేవచేసిన సల్మా (రజి) దానిని తెలిపారు. ఆయనకు గాయమైనా, ముల్లో రాయో తగిలినా, దానిపై గోరింటాకు పెట్టమని తనను ఆదేశించేవారని ఆమె చెప్పిన మాటను తిర్మిజీ, ఇబ్నె మాజా గ్రంథస్థం చేశారు. గోరింటాకులో చర్మాన్ని బిగించే వగరు పదార్థాలున్నాయి, దానికి ఎరుపునిచ్చే లాసోన్ అనే పదార్థానికి సూక్ష్మక్రిములను అణచే గుణం ఉన్నదని ప్రయోగశాలల్లో చూశారు. మా తప్పు హదీసులో లేదు. ముల్లు గుచ్చుకున్న ఆరోగ్యవంతుని పాదానికి చెందిన మాటను, నరాలు మొద్దుబారి రక్తప్రసారం తగ్గిన పాదానికి, చూడకుండానే అంటగట్టడంలో ఉంది.

షుగరు ఏళ్ళ తరబడి ఉన్నవారిలో పాదాల నరాలు స్పర్శను కోల్పోతాయి. నొప్పి లేకపోవడం మనకు మంచి వార్తలా వినిపిస్తుంది. అక్కడ అదే చెడ్డవార్త. పుండు మీద బరువు వేసి నడుస్తున్నా తెలియదు. రక్తనాళాలు సన్నబడడం వల్ల పుండు మానడానికి కావలసిన రక్తం అక్కడికి చేరదు. పైన ఏ ఆకు కట్టినా లోపలికి రక్తాన్ని తీసుకురాలేదు.

ఉహుద్ యుద్ధ సందర్భాన్ని ఇక్కడ తలచుకోవాలి. ఆనాడు దైవప్రవక్త (స) ముఖానికి గాయమైంది, ముందుపన్ను విరిగింది, శిరస్త్రాణం తలపై పగిలింది. హజ్రత్ ఫాతిమా (రజి) రక్తాన్ని కడుగుతుంటే హజ్రత్ అలీ (రజి) డాలుతో నీళ్ళు పోశారు. నీళ్ళ వల్ల రక్తం మరింత ఎక్కువవుతున్నదని గమనించి ఆమె చాప ముక్కను కాల్చి, బూడిద చేసి, గాయానికి అద్దారు. రక్తం ఆగింది. సహ్ల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించగా బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. ఆ చాప బర్దీ అనే నీటిగడ్డితో అల్లినదని, దాని బూడిదకు రక్తాన్ని ఆర్పే గుణం ఉన్నదని ఇమామ్ ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మ) జాదుల్ మఆద్‌లో వివరించారు.

తరగతిలో ఈ హదీసు చెప్పినప్పుడల్లా మేము బూడిద దగ్గరే ఆగేవారము. ఇప్పుడు దాని ముందు జరిగినదాన్ని కూడా చూపిస్తున్నాము. మొదట కడిగారు. కడుగుతూ గాయాన్ని గమనించారు. నీటితో పని జరగడం లేదని తెలిసిన తరువాతే మరొక ఉపాయానికి వెళ్ళారు. ఆ బూడిద కూడా అప్పటికప్పుడు నిప్పులో కాలినది. పొయ్యి పక్కన నాలుగు రోజులు పడి, కోళ్ళు తిరిగిన బూడిద కాదు. మట్టిలో, పేడలో ధనుర్వాతం కలిగించే క్రిమి బీజాలుంటాయి. వాటికి గాలి చొరని లోతు గాయం దొరికితే చాలు. పురిటిబిడ్డ బొడ్డుకు బూడిద, పేడ, నూనె పెట్టిన రోజుల్లో మన దేశంలో ఎంతమంది శిశువులు ధనుర్వాతంతో పోయారో పెద్దలకు తెలుసు. గర్భిణులకు టీకాలు, ఆసుపత్రి కాన్పులు, బొడ్డుకు ఏమీ పూయని అలవాటు వచ్చిన తరువాత, 2015లో భారతదేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది.

ఖందక్ యుద్ధంలో సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతి రక్తనాళానికి బాణం తగిలినప్పుడు ఆయనను మస్జిదె నబవీలో వేసిన గుడారంలో ఉంచారు. క్షతగాత్రులకు చికిత్స చేసే రుఫైదా (రజి) అనే అస్లమీ తెగ మహిళ గుడారం అది. మదీనాలో ప్రతి ఇంటా గాయం కట్టగలిగిన చేతులు ఉండే ఉంటాయి. అయినా ఆయనను ఆ విద్య తెలిసిన మనిషి దగ్గరకే పంపారు.

ఈ మాటలు విని కొందరు పాఠకులు మేము మూలికలకు వ్యతిరేకమనుకోవచ్చు. కాదు. మొక్కలలో గాయం మాన్పే గుణాన్ని అల్లాహ్ పెట్టాడన్నది మన ఇళ్ళ అనుభవం, యునానీ హకీముల అనుభవం కూడా. ఇబ్నె సీనా తన ఖానూన్ నాలుగో భాగంలో గాయాలకు, పుండ్లకు ప్రత్యేకంగా చోటిచ్చాడు. పసుపు సంగతి తీసుకోండి. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పసుపుతో గాయాలు మాన్పే పద్ధతిపై పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసి, ఈ విషయం ముందే తెలిసినదని నిరూపించడానికి 32 ఆధారాలు సమర్పించింది. అందులో సంస్కృత, హిందీ గ్రంథాలతో పాటు ఉర్దూ గ్రంథాలు కూడా ఉన్నాయి. 1997లో ఆ పేటెంటు రద్దయింది. మన ఇళ్ళలో అటకలపై చెదలు పట్టిన ఉర్దూ వైద్య పుస్తకాల వంటివే అక్కడ సాక్ష్యం చెప్పాయి. ఇటువంటి వివాదాలు మళ్ళీ రాకుండా ఆయుర్వేద, యునానీ, సిద్ధ యోగాలను నమోదు చేసే సంప్రదాయ జ్ఞాన నిధిని ప్రభుత్వం 2001లో ప్రారంభించింది.

అయితే ఆ వివాదంలో తేలినదేమిటి? ఈ సంగతి ఎవరికి ముందు తెలుసునన్నది తేలింది. పసుపు ఏ గాయాన్ని మాన్పుతుంది, ఎంత మోతాదులో, ఎన్నాళ్ళలో అన్నది ఆ కాగితాలతో తేలలేదు, తేల్చవలసిన చోటు కూడా అది కాదు. మన జుమా ప్రసంగాల్లో పేటెంటు కథ చెప్పి, "చూశారా, పసుపు గొప్పతనం ప్రపంచమే ఒప్పుకుంది" అని ముగిస్తుంటారు. మేము కూడా ఒకప్పుడు అలాగే ముగించాము.

ఎలా తేలుస్తారో ఒక ఉదాహరణ చెబుతాము. భూర్జపత్రం పేరు మీరు విన్నారు. పూర్వం వ్రాతకు వాడిన హిమాలయ వృక్షపు బెరడు. ఆ జాతికే చెందిన చెట్లు ఐరోపాలో ఉన్నాయి. వాటి బెరడు సారాన్ని పది పాళ్ళు, పొద్దుతిరుగుడు నూనెను తొంభై పాళ్ళు కలిపి ఒక లేపనం చేశారు. పుట్టుకతోనే చర్మం సీతాకోకచిలుక రెక్కలంత పెళుసుగా ఉండి, తాకితే బొబ్బలు లేచే వ్యాధి ఒకటుంది. ఆ వ్యాధి ఉన్న 223 మందిని తీసుకుని, కొందరికి ఈ లేపనం, కొందరికి సారం లేని లేపనం ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాడేవారికీ తెలియదు, చూసే వైద్యులకూ తెలియదు. 45 రోజులలో సారం ఉన్న లేపనంతో నూటికి 41 మందికి, లేని లేపనంతో నూటికి 29 మందికి ఎంచుకున్న గాయం మూతపడింది. 2022లో ఐరోపాలో, 2023 డిసెంబరులో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఈ అంకెలను కొంచెం నిదానంగా చూడండి. అంత శ్రమపడి తయారుచేసిన సారంతో కూడా నూటికి 59 మందికి ఆ గడువులో గాయం మూతపడలేదు. సారం లేకున్నా 29 మందికి మూతపడింది. అంటే, ఆకు కట్టినందువల్ల మానిందని మనం చెప్పుకునే గాయాలలో ఎన్నో అల్లాహ్ శరీరానికి ఇచ్చిన శక్తితోనే మానుతుండవచ్చు.

ఇంకో జంట ఉంది. అనాసపండు కాండం నుండి తీసిన ఎంజైములతో, కాలిన గాయాలపై చచ్చిన చర్మాన్ని కరిగించే మందును అమెరికా 2022లో అనుమతించింది. ఆసుపత్రిలో, నిపుణుల చేతుల మీదుగా వాడతారు. బొప్పాయి పాలలోని పపైన్‌ది కూడా అలాంటి పనే. కాని పపైన్ కలిసిన పూతమందులు కొందరికి తీవ్రమైన ఎలర్జీ తెచ్చిపెట్టాయని, అనుమతి లేని అటువంటి మందుల అమ్మకాన్ని అదే దేశం 2008లో ఆపించింది. రెండూ పండ్ల చెట్లే, రెండిటి పనీ ఒకటే. ఒకటి లోపలికి వచ్చింది, రెండోది బయటికి పోయింది. చెట్టుది కాబట్టి హాని ఉండదనే మాట ఎంత బలహీనమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

పసరుకు, సారానికి గల భేదం కూడా గృహిణులు తెలుసుకోదగినది. సారం తీయడమంటే, ఆకునో బెరడునో ఎండబెట్టి, నీటిలోనో ఆల్కహాలులోనో మరో ద్రవంలోనో నానబెట్టి, వడకట్టి, ఆ ద్రవాన్ని ఆవిరి చేసి, మిగిలినదానిలో పనిచేసే పదార్థం ఎంత ఉన్నదో కొలవడం. ఆ తరువాత క్రిములు లేకుండా శుద్ధి చేస్తారు. మన రోలులో నూరిన ముద్దకు కొలత లేదు, శుద్ధి లేదు. వానాకాలపు ఆకులో ఉన్నంత సారం ఎండాకాలపు ఆకులో ఉంటుందో లేదో తెలియదు. కలబందనే చూడండి. మధ్యనున్న తేట గుజ్జు చల్లగా ఉంటుంది, తోలు కింద కారే పసుపుపచ్చని పాలు చర్మాన్ని మండిస్తాయి. కోసి కాసేపు నిలబెట్టి ఆ పాలు కార్చివేయడం మా అమ్మ చేసేది. ఈనాటి పిల్లలకు ఆ పని ఎవరూ చెప్పడం లేదు.

ఆల్కహాలు పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఖర్జూరం, ద్రాక్ష కాని ఇతర వస్తువుల నుండి తయారైన ఆల్కహాలును మత్తుకోసం కాక మందుగా చర్మంపై వాడడాన్ని ఈ కాలపు హనఫీ ఉలమాలో చాలామంది అనుమతించారు. నేడు కర్మాగారాల్లో తయారయ్యే ఆల్కహాలులో ఎక్కువభాగం అటువంటిదే. సారం తీసిన తరువాత అది ఆవిరైపోతుంది కూడా. దానికి వెరసి మందు మానుకోనవసరం లేదు.

ఇక గోరింటాకు అంటూ బజారులో అమ్మే కోను మాట. ముదురు నలుపు రావడానికి కొన్నిటిలో పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది మామూలు చర్మాన్నే కాల్చి బొబ్బలు తేగలదు, గాయంపై పెట్టడం మరీ ప్రమాదం. శుద్ధమైన గోరింటాకైనా, జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన శిశువులకు పూసినప్పుడు రక్తకణాలు చితికి కామెర్లు వచ్చిన సందర్భాలున్నాయి. పసిబిడ్డల అరికాళ్ళకు ముచ్చటగా పెట్టే అలవాటు ఉన్న ఇళ్ళు ఇది గమనించాలి.

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ప్రయాణంలో ఒక సహచరుని తలకు రాయి తగిలి గాయమైంది. ఆ రాత్రి ఆయనకు గుసుల్ విధి అయింది. తయమ్ముమ్ సరిపోతుందా అని తోటివారిని అడిగారు. నీరు అందుబాటులో ఉంది కాబట్టి సరిపోదన్నారు వారు. ఆయన స్నానం చేశారు, మరణించారు. ఈ కబురు విన్న దైవప్రవక్త (స), వారే ఆయనను చంపారని తీవ్రంగా మందలించారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని, తెలియనితనానికి చికిత్స అడగడంలోనే ఉన్నదని బోధించారు. మేము ఈ హదీసును ముప్ఫై ఏళ్ళుగా తయమ్ముమ్ అధ్యాయంలో బోధిస్తున్నాము. వంటశాల పెద్దాయన ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న రాత్రి, ఇది మా గురించే అని మొదటిసారి అనిపించింది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు కలిగిన హానికి బాధ్యుడవుతాడని మరో హదీసు అబూ దావూద్‌లోనే ఉంది. హకీము కాని మౌల్వీ ఎవరికైనా మందు చెప్పే ముందు దీనిని చదువుకోవాలి.

మరి ఇంట్లో ఏమి చేయాలి? కూరగాయ తరిగేటప్పుడు తెగిన వేలికి, పిల్లవాని మోకాలి గీరుకు, ధారగా పారే మంచినీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టండి. ఆ తరువాత కలబంద గుజ్జు రాస్తే ఎవరూ కాదనరు. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని పారే నీరు పట్టాలి, అప్పుడు ఏ ముద్దా పెట్టరాదు. కుక్క కరిచిన గాయానికి పసుపు, కారం అద్దకండి. సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే టీకాకు వెళ్ళండి. తుప్పుపట్టిన మేకు, పొలం మట్టి తగిలిన లోతు గాయానికి ధనుర్వాతం సూది వేయించాలి. షుగరు ఉన్నవారి పాదానికి మాత్రం చిన్న గాయమంటూ లేదు. తోలు లేచిన రోజే చూపించాలి.

ఆ సోదరి ఉత్తరం అందిన రోజే, ఆమె ఇచ్చిన నంబరుకు ఫోను చేశాము. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే సంగతి కాదు. ఆమె ఇబ్బంది మరొకటి. "అత్తమ్మ ఇన్నాళ్ళూ ప్రేమగా కట్టారు హజ్రత్, ఆసుపత్రి అంటే ఆమె చేసినది తప్పన్నట్లు కాదా?" అన్నారు. మేము ఆ అత్తగారితోనే మాట్లాడాము. మొదట కడిగి, చూసి, పని జరగకపోతే మరొక ఉపాయానికి వెళ్ళడం హజ్రత్ ఫాతిమా (రజి) చేసిన పని అని చెప్పాము. ఆమె కాసేపు మౌనంగా ఉండి, "రేపు పొద్దున్నే నేనే తీసుకుపోతాను బాబూ" అన్నారు. ప్రభుత్వాసుపత్రిలో చచ్చిన తోలు తీసి, రక్త పరీక్షలు చేసి, మందులు మొదలుపెట్టారు. పాదంపై బరువు వేయవద్దన్నారు. చీము ఎముకదాకా చేరలేదట. ఈ మాటలు వ్రాసే నాటికి వేలు నిలిచే ఉంది.

మా వంటశాల పెద్దాయన ఇప్పుడు పని మానుకున్నారు కాని నమాజుకు రోజూ వస్తారు. ఇషా తరువాత మెట్లపై కూర్చుని మనవడి చేత అద్దం పట్టించి తన అరికాలు చూసుకుంటారు. ఆసుపత్రి నుండి వచ్చిన కొత్తలో ఒకసారి వుజూ చేస్తూ ఆగి, "హజ్రత్, కాలివేళ్ళ మధ్య ఖిలాల్ చేయాలి కదా, ఈ పక్క రెండు వేళ్ళూ లేవు, ఎలా?" అని అడిగారు. ఉన్నవాటి మధ్య చేయండి చాచా, లేనిదానికి మీ మీద విధి లేదు అని చెప్పాము. ఆయన తల ఊపి, మిగిలిన మూడు వేళ్ళ మధ్య తడివేలు పోనిచ్చి, లేచి సఫ్‌లోకి వెళ్ళారు.